సీజన్ అంటే ఆ ఏడాదిదే

2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ కప్పు ఎత్తింది. ఆ రాత్రి ఎమ్మిగనూరులో ఒక మగ్గం ఇంట్లో కూర్చుని ఆట చూసిన ఆదోని అభిమాని జ్ఞాపకం ఇది. ఆ క్లబ్బు ఇప్పుడు హైదరాబాదులో లేదు. ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం మా ఊళ్లలో తగ్గలేదు.

ఆదోనిలో సీజన్ అనే మాటకు ఒకటే అర్థం. దసరా వెళ్లగానే పల్లెల నుంచి పత్తి మూటలతో ఆటోలు, ట్రాక్టర్లు మార్కెట్ యార్డు దారి పడతాయి. సంక్రాంతి దాటి, శివరాత్రి దాటి, ఎండలు ముదిరేదాకా అదే సందడి. బజార్లో ఎవరైనా ఎదురుపడి “సీజన్ ఎట్లుందప్పా?” అన్నారంటే పత్తి ఎంత పోతోందని అడిగినట్టే. టీ కొట్టు నుంచి బట్టల అంగడి దాకా ఊరంతటి బతుకూ ఆ ధర మీదే నడుస్తుంది. నేను యార్డులో ఒక దలాలీ అంగట్లో పద్దు రాస్తాను. ఏ రైతు, ఏ ఊరు, ఎన్ని మూటలు, తూకమెంత, ధరెంత, చేతికిచ్చింది ఎంత. నా ఏడాది మొత్తం ఆ గడుల్లోనే ఉంటుంది.

2021 నవంబరులో ఆ మాటకు నాకు ఇంకో అర్థం తోడైంది. నవంబరు 19న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. తేదీ నాకు మరపు రాదు. అదే రోజు కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. రాయలసీమ అంతా వానలు. యార్డుకు వచ్చిన పత్తి చేత్తో పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉండేది. తేమ ఎక్కువని కొనేవాళ్లు మొహం తిప్పుకుంటుంటే రైతులు సిమెంటు చప్టా మీద పత్తి పరిచి ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ దిగులు మధ్యలోనే 23న మా హైదరాబాద్ మొదటి మ్యాచ్ ఆడింది. చెన్నయిన్ చేతిలో 1-0తో ఓడింది. ఈ ఏడాది ఇటు పత్తీ లేదు, అటు ఆటా లేదనుకున్నాను.

రెండూ తప్పని తేలింది. జనవరి వచ్చేసరికి ఆదోనిలో క్వింటా పత్తి పదివేలు దాటింది. మా పద్దు పుస్తకంలో ధర గడి నాలుగంకెలకు సరిపడా గీసింది. మొదటిసారి ఐదో అంకె రాసినప్పుడు అది గీత దాటి పక్క గడిలోకి పోయింది. ఆ పేజీ ఇప్పటికీ దాచుకున్నాను. వానకు తడిసి, గులాబీ పురుగు తిని దిగుబడి పోయినవాళ్లకు ఆ ధర వల్ల ఒరిగింది తక్కువే, అది కూడా చెప్పాలి. అదే జనవరి 24న హైదరాబాద్ ఈస్ట్ బెంగాల్ మీద నాలుగు గోల్స్ కొట్టింది. అందులో మూడు మా నైజీరియా ఆటగాడు ఒగ్బెచేవి. పుస్తకం వెనక అట్ట లోపలి వైపు ఆ లెక్క కూడా రాసుకున్నాను. 4-0.

ఆదోని వాడికి హైదరాబాద్ క్లబ్బు ఏమిటని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మాకు బెంగళూరు దగ్గర. మా పడమటి పల్లెల నుంచి కూలికి పోయేవాళ్లలో చాలామంది దిగేది అక్కడే. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. మా అవ్వ కోపం వస్తే కన్నడంలోనే తిట్టేది. మా వీధి పిల్లల్లో సగం మంది సునీల్ ఛెత్రి కోసం బెంగళూరు ఎఫ్.సి. వైపే ఉన్నారు. వాళ్లను తప్పుబట్టను. చరిత్ర పుస్తకం తిరగేస్తే నిజాం అలీఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ ఆదోని నుంచే ఏలాడని ఉంటుంది. 1800లో కుంపిణీకి ధారపోసేదాకా మేమూ ఆ దొరతనం కిందివాళ్లమే. కానీ నేను హైదరాబాద్ వైపు మొగ్గింది అందుకు కాదు. తెలుగు గడ్డ మీద దేశస్థాయి క్లబ్బు ఒక్కటన్నా ఉంది కదా, దాన్ని మనం పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారన్నదే నా పట్టుదల.

పైగా హైదరాబాద్ అంటే ఒకప్పుడు ఫుట్‌బాల్ ఊరు. ఈ మాట నేటి పిల్లలకు చెప్తే నమ్మరు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులు తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా ఎత్తుకొచ్చింది. ఆ రహీమ్ సాబే కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్ ఆ నగరం నుంచే వచ్చారు. 1963లో కేన్సర్‌తో రహీమ్ సాబ్ పోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు మనకు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ‘మైదాన్’ సినిమా వచ్చాక కానీ మనవాళ్లు రహీమ్ సాబ్ పేరు మళ్లీ తలుచుకోలేదు.

అట్టడుగు నుంచి

హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది 2019 ఆగస్టులో. పుణె క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. మొదటి ఏడాది చూసినవాళ్లకు అది శిక్ష. 18 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో కట్టకడపటి చోటు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి ఒక్కసారి వెళ్లాను. రాత్రంతా బస్సులో కూర్చుని పోతే ఆ రోజూ ఓడిపోయారు.

2020లో కొత్త కోచ్ వచ్చాడు. మనోలో మార్క్వెజ్, స్వస్థలం బార్సిలోనా. బార్సిలోనా అనగానే లోకానికి మెస్సీ గుర్తొస్తాడు. మా సీమలో గుర్తొచ్చేది ఫాదర్ ఫెర్రర్. విన్సెంట్ ఫెర్రర్ పుట్టిందీ ఆ ఊళ్లోనే. 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ పెట్టి, కరువు పల్లెల్లో ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కట్టించి, 2009లో ఇక్కడే కన్నుమూశాడు. అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల క్రీడా గ్రామం ఉంది. పేదింటి ఆడపిల్లలు బూట్లు, మేజోళ్లు వేసుకుని పచ్చగడ్డి మీద బంతి తన్నడం నేను జీవితంలో మొదట చూసింది అక్కడే. చాలాసేపు కంచె దగ్గరే నిలబడిపోయాను. అందుకేనేమో, ఈ మనోలో అనే పెద్దాయన కూడా బార్సిలోనా వాడని పేపర్లో చదివినప్పుడు మనసుకు దగ్గరివాడే అనిపించాడు.

ఆయన పేరున్నవాళ్ల కోసం పాకులాడలేదు. ఉత్తరప్రదేశ్ నుంచి ఆకాశ్ మిశ్రా, సిక్కిం నుంచి ఆశిష్ రాయ్, మణిపూర్ నుంచి యాసిర్, కొల్హాపూర్ నుంచి అనికేత్ జాదవ్. ఇట్లా కుర్రాళ్లను నమ్మాడు. నమ్మి ఓర్పుగా ఆడించాడు. 2020-21లో ఐదో స్థానం. ఒక్క మెట్టులో సెమీస్ తప్పింది. మూడో ఏడాదికి మొక్క వేరు పట్టింది.

నాతో పాటు ఈ కథంతా చూసినవాడు మా ఎమ్మిగనూరు మిత్రుడు. మా రెండూళ్లకూ మధ్య బస్సులో గంట దారి. వాళ్లది నేత కుటుంబం. మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం వెలుగు వెలిగిన కాలంలో వాళ్ల నాయన నేసిన దుప్పట్లు దూరదేశాలకు పోయాయని చెప్తాడు. ఇప్పుడు ఇంట్లో ఒక్క మగ్గమే మిగిలింది. వాడి దృష్టంతా నేత దృష్టి. జోవా విక్టర్ నడిమైదానంలో బంతి అందుకుని ఇటూ అటూ పంచుతుంటే తెర మీద వేలు పెట్టి చూపించేవాడు.

“చూడప్పా, నాడె పోయినట్ల పోతాంది బంతి. ఈ అంచు నుంచి ఆ అంచుకు. నడుమ పోగు తెగితే కదా వాళ్లకు దొరికేది.”

టీవీల్లో విశ్లేషకులు చెప్పేవి చాలా విన్నాను. ఆ జట్టు ఆట నాకు అర్థమయ్యేలా చెప్పింది మాత్రం వాడే.

కరోనా వల్ల ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ఫైనల్ దాకా ఖాళీ స్టేడియాల్లో జరిగాయి. ఆటగాళ్లు హోటళ్లలో బందీలు. జనవరిలో అక్కడా కరోనా పాకి కొన్ని మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. ప్రేక్షకులు లేని ఆటలో బంతి తన్నిన చప్పుడు, గోల్‌కీపర్ కేకలు స్పష్టంగా వినపడేవి. యార్డులో లెక్కలు ముగించి, రాత్రి ఏడున్నరకు ఫోను పద్దు పుస్తకానికి ఆనించి పెట్టేవాణ్ణి. డిసెంబరు 28న ఒడిశా మీద 6-1. జనవరి ఆఖర్న నార్త్ ఈస్ట్ మీద 5-0. మధ్యలో కేరళ బ్లాస్టర్స్ చేతిలో 1-0తో దెబ్బ, ఫిబ్రవరిలో వాళ్లకే 2-1తో జవాబు. 20 మ్యాచ్‌లకు 38 పాయింట్లు, పట్టికలో రెండో స్థానం. జంషెడ్‌పూర్ ఒక్కటే మా పైన నిలిచింది.

ఒగ్బెచే గురించి ఒక మాట. 2002 ప్రపంచకప్పులో నైజీరియాకు ఆడినప్పుడు అతనికి 17 ఏళ్లు. మాకు ఆడేనాటికి 37. ఆ వయసులో పరుగు తగ్గుతుంది. కానీ బంతి ఎక్కడ పడబోతుందో అందరికంటే ముందు అతనికి తెలిసేది. అక్కడికి నడిచి వెళ్లినట్టే వెళ్లి తోసేవాడు. ఆ సీజన్లో 18 గోల్స్, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. మా యార్డులో కొందరు ముసలి హమాలీలు అట్లాగే ఉంటారు. కుర్రాళ్లు రొప్పుతూ రెండు మూటలు దించేలోపు వాళ్లు తొందర పడకుండా మూడు దించుతారు.

సెమీస్‌లో ఎ.టి.కె. మోహన్ బగాన్. రాయ్ కృష్ణ ముందే గోల్ కొట్టాడు. విరామానికి ముందు ఒగ్బెచే లెక్క సరిచేశాడు, తర్వాత యాసిర్, సివేరియో చెరొకటి. 3-1. రెండో మ్యాచ్‌లో 1-0తో ఓడినా మొత్తం మీద గట్టెక్కాం. 72 ఏళ్ల కింద డ్యూరాండ్‌లో పోలీసులు ఓడించింది ఆ మోహన్ బగాన్‌నే కదా అని నేనంటే మా మిత్రుడు చేతులెత్తి దండం పెట్టాడు.

మగ్గం గదిలో ఆ రాత్రి

ఫైనల్ రోజు ఆదివారం, యార్డుకు సెలవు. రెండు రోజుల ముందే హోలీ అయింది. మా వైపు సంతెకూడ్లూరులో మగవాళ్లు ఆనవాయితీగా చీరలు కట్టుకుని రతీమన్మథులకు మొక్కులు తీర్చుకునే పండుగ అది. నేను మధ్యాహ్నమే ఎమ్మిగనూరు బస్సెక్కాను. టీవీ తెచ్చి మగ్గం గదిలో పెట్టారు, అదే పెద్ద గది కాబట్టి. మగ్గం గుంత చుట్టూ చాపలు పరిచారు. ఎనిమిది మందిమి. నలుగురు పిల్లలు. అందులో కోసిగి వైపు పల్లె పిల్లవాడు ఒకడు. మేం ఆదివారాలు ఆడించే పిల్లల్లో వాడే గోల్‌కీపర్.

వాడు ఆ రాత్రి అక్కడ ఉండటానికి ఒక కారణముంది. మా పడమటి మండలాల్లో పంటలు అయిపోగానే ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. సుగ్గికి పోవడం అంటాం. పిల్లల్నీ తీసుకుపోతారు. జనవరి వచ్చిందంటే బళ్లో వరసలు ఖాళీ, మా జట్టూ ఖాళీ. ఆ ఏడాది నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసింది. కోసేందుకు కాయ లేక చాలామంది ముందే తిరిగొచ్చారు. వాళ్ల నాయనా వచ్చాడు, అప్పుతో. వీడు మాత్రం మ్యాచ్‌కు అందుకున్నానని సంతోషంగా ఉన్నాడు. వాడి సంతోషం చూసి వాళ్ల నాయన నవ్వాడు కానీ, ఆ నవ్వు చూడటం నాకు కష్టమైంది.

రెండేళ్ల తర్వాత మొదటిసారి స్టేడియంలోకి జనాన్ని రానిచ్చారు. మడ్‌గావ్ ఫతోర్దా మైదానం అంతా పసుపు. ఆ పసుపు మాది కాదు. కేరళ నుంచి రైళ్లలో, బస్సుల్లో, మోటారు సైకిళ్ల మీద వచ్చిన అభిమానులది. కేరళ రంగూ, మా రంగూ పసుపే. ఆ రోజు పసుపు చొక్కాలు వేసుకునే వంతు మావాళ్లకు వచ్చింది. చుట్టూ పసుపు సముద్రం, మధ్యలో పసుపు చొక్కాలతో మావాళ్లు, కేకలు మాత్రం అన్నీ అవతలివాళ్లకే.

68వ నిమిషంలో కేరళ కుర్రాడు రాహుల్ దూరం నుంచి కొట్టాడు. బంతి నేరుగా మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని చేతుల్లోకే వచ్చింది. వచ్చింది, జారింది, లోపలికి దొర్లింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కట్టిమని గోవాలో వాస్కో వాడు. ఇంటి పేరు వింటే మా బళ్లారి వైపు మనిషి అనిపిస్తుంది. ఆ సమయంలో సొంత రాష్ట్రంలోని మైదానంలో అతని మొహం కెమెరా దగ్గరగా చూపించింది. పిల్లవాడు నా మోకాలి మీద చెయ్యి వేసి, “అన్నా, ఆ బంతి పట్టేదే కదా” అన్నాడు. గోల్‌కీపర్ బాధ గోల్‌కీపర్‌కే తెలుస్తుంది.

88వ నిమిషం. బంతి తలల మీంచి బయటికి వచ్చింది. అదనంగా దిగిన సాహిల్ తవోరా, అతనూ గోవా కుర్రాడే, నేల మీద పడనీయకుండా గీత బయటి నుంచి తన్నాడు. మూలకు దూరింది. మేం లేచిన దెబ్బకు మగ్గం పలకల మీది కండెలు దొర్లి గుంతలో పడ్డాయి. మిత్రుని తల్లి వంటింట్లోంచి వచ్చి, “మగ్గం మీద కాళ్లు పెట్టొద్దు నాయనా” అని మాత్రం అంది.

అదనపు సమయం కూడా 1-1తోనే ముగిసింది. పెనాల్టీలు.

కేరళ మొదటి తన్ను లెస్కోవిచ్‌ది. కట్టిమని ఆపాడు. రెండోది నిషు కుమార్‌ది. అదీ ఆపాడు. రిఫరీ ఈల వేశాడు. కీపర్ గీత దాటి ముందుకొచ్చాడని మళ్లీ కొట్టమన్నాడు. ఒకే మనిషిని ఒకే చోట రెండుసార్లు ఆపడం అంటే మాటలా? నిషు మళ్లీ వచ్చాడు, కొట్టాడు. కట్టిమని మళ్లీ ఆపాడు! మాకు సివేరియో తన్నింది పైకి పోయింది. జోవా విక్టర్, కమారా గోల్స్ చేశారు. జీక్సన్ సింగ్ తన్నిందీ కట్టిమని చేతికే చిక్కింది. ఆఖరుకు హాలీచరణ్ నర్జారీ బంతిని వలలోకి పంపాడు. 3-1. గంట ముందు బంతి జారవిడిచిన ఆ చేతులే కప్పు తెచ్చాయి. గదిలో అందరూ గెంతుతున్నారు. పిల్లవాడు మాత్రం గోడకు ఆనుకుని, రెండు అరచేతులు తెరిచి వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ సీజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయిన దృశ్యం అది.

తర్వాతి కథ క్లుప్తంగా చెప్తాను, ఎక్కువ చెప్పబుద్ధి కాదు. 2022-23లో మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో అదే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. మనోలో గోవా క్లబ్బుకు వెళ్లాడు. 2023-24లో డబ్బుల్లేక జీతాలు ఆగాయి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ వార్త తెలిసిన రోజు మా మిత్రుడు ఫోన్ చేశాడు. “మగ్గం అమ్ముకున్నట్టుందప్పా” అన్నాడు.

చాలా రోజులు ఆలోచించాను, ఎందుకిట్లా అయిందని. డబ్బు ఒక కారణం, కాదనను. కానీ ఫైనల్లో మొదట దిగిన పదకొండు మందిలో తెలుగు పిల్లవాడు ఒక్కడూ లేడు. అది ఆ పదకొండు మంది తప్పు కాదు, మనోలో తప్పు అసలే కాదు. వాళ్లను గుండెల్లో పెట్టుకున్నాం, ఇప్పటికీ ఉన్నారు. కానీ గెలిచిన జట్టులో తన వీధి పిల్లవాడు ఉంటే ఊరు ఆ జట్టును అంత సులువుగా పోనివ్వదు. కేరళనే చూడండి. మలబారులో వరి కోతలు అయ్యాక మళ్లలో ఏడుగురేసి జట్లుగా సెవెన్స్ ఆడతారు. వాళ్లకు సీజన్ అనే మాటకు ఎప్పటి నుంచో రెండర్థాలు. అందుకే మూడోసారి ఫైనల్ ఓడినా వాళ్ల క్లబ్బు పసుపు తగ్గలేదు. రహీమ్ సాబ్ కాలంలో మన హైదరాబాదుకూ ఆ బలం ఉండేది. బస్తీ మైదానాల నుంచి వచ్చిన పిల్లలతోనే ఆయన దేశానికి జట్టు కట్టాడు.

విత్తనం కొనుక్కొచ్చి ఒక పంట తీయొచ్చు. ప్రతి ఏడూ పండాలంటే చేను మనదై ఉండాలి. పత్తి రైతుకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

ఆదోని, ఎమ్మిగనూరుల్లో పిల్లలకు ఓపిక లేకపోలేదు. మేం ఆదివారం సాయంత్రాలు ఆడించే చోట గోల్ స్తంభాలు రెండు వెదురు గడలు. పైన అడ్డానికి మా మిత్రుడు పాత పడుగు నూలు పేని కట్టిన తాడు. బంతి ఆ తాడు పైనుంచి పోయిందా కింద నుంచి పోయిందా అని ప్రతిసారీ తగవే. ఇరవై మంది దాకా వస్తారు, అందులో ఐదుగురు ఆడపిల్లలు. ఇక్కడ చోటు దొరక్క పోయినేడు మూడు చోట్లు మారాం. ఊళ్లో మైదానాలు ఉన్నాయి. బడి వదలగానే గేట్లకు తాళాలు పడతాయి, లేదా సభలకు గుంతలు తవ్వి పూడ్చకుండా వదిలేస్తారు. ఆ గుంతలో కాలు పడి ఒక పిల్లకు చీలమండ బెణికింది.

కోసిగి పిల్లవాడు ఇప్పుడు బెంగళూరులో కట్టడం పనికి పోతున్నాడు. ఉగాదికి, పీర్ల పండుగకు ఊరొస్తే ఆడతాడు. వాడి చేతి తొడుగులు మగ్గం గదిలోనే మేకుకు వేలాడుతున్నాయి.

ఇది చదివే టీచర్లకు, కౌన్సిలర్లకు, బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులకు ఒకటే విన్నపం. కప్పులు తెమ్మని, స్టేడియం కట్టమని అడగడం లేదు. మీ ఊళ్లో బడి మైదానం గేటు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఆ గేటు తెరిచి ఉంచమని చెప్పండి.